రెండో బ్రేకు

అందరూ ఆ అమ్మాయి మొహం చూశారు. ఇన్‌స్పెక్టర్ ఒక్కతే ఆమె కాళ్లు చూసింది.

కుడికాలు నేలకు ఆనీ ఆనకుండా పెట్టి కూర్చుంది ఆ అమ్మాయి. స్టేషన్ వెనక గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, తిరిగినప్పుడల్లా మూలిగే ఫ్యాను. నిన్న పొద్దున ఆమె నడుపుతున్న డ్రైవింగ్ స్కూలు కారు ఆ స్కూలు ఓనరమ్మను గోడకేసి నొక్కేసింది. ఓనరమ్మ ఊపిరి అక్కడికక్కడే ఆగిపోయింది. పక్క సీట్లో ఉన్న మాస్టారు, ఓనరమ్మకు స్వయానా మరిది, గుండెలు బాదుకుని ఏడ్చాడు. స్టీరింగ్ పట్టుకున్న ఈ అమ్మాయి మాత్రం దిగి, జారిన చెప్పు సరిచేసుకుని, "ఎవరైనా పోలీసులకు ఫోన్ చేయండి" అంది. కంట్లో తడి లేదు.

ఆ తడి లేకపోవడమే కొంప ముంచింది. దానికి తోడు ఆమె తండ్రి ఎవరో సాయంత్రానికల్లా బయటపడింది. ముగ్గురిని చంపి జైల్లోనే చచ్చిపోయిన మనిషి. అప్పట్లో పేపర్లవాళ్లు 'గొడ్డలి' అని పేరు పెట్టారు. ఇక స్టేషన్లో ఆమెకు వేరే పేరు అక్కర్లేకపోయింది. అందరూ 'వాడి కూతురు' అనే అంటున్నారు.

ఇన్‌స్పెక్టర్‌కీ ఒక పేరుంది. ఉడుంపట్టు. ఎవరూ ఎదురుగా అనరు. అంటారని ఆవిడకు తెలుసు, తెలుసని వాళ్లకూ తెలుసు.

"చెప్పు తీయి" అంది ఇన్‌స్పెక్టర్.

"ఏది మేడమ్?"

"కుడిది."

అమ్మాయి కాలు పైకెత్తి చూపించింది. వేళ్ల కింద అరికాలు కమిలి నల్లబడింది. ఆ నలుపులో అడ్డంగా రెండు గీతలు అచ్చు గుద్దినట్టున్నాయి.

"డాక్టర్ గారికి చూపించావా?"

"ఆయన కాళ్ల గురించి అడగలేదు. చిన్నప్పుడు పిల్లుల్ని ఏడిపించేదానివా అని అడిగారు."

"ఏడిపించేదానివా?"

"మా ఇంట్లో పిల్లే మమ్మల్ని ఏడిపించేది."

నవ్వకుండా చెప్పింది. ఇన్‌స్పెక్టర్ కూడా నవ్వలేదు. కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

"నిన్న ఏం జరిగిందో కారు ఎక్కిన దగ్గర్నుంచి చెప్పు. నీ పుట్టుక నాకు వద్దు."

అమ్మాయి మొదటిసారి తలెత్తి ఆమె కళ్లలోకి చూసింది.

"ఆఖరి పాఠం మేడమ్. ఆ స్కూల్లో ఒక పద్ధతుంది. గోడకు ఇవతల తెల్లగీత గీస్తారు. గీతకీ గోడకీ మధ్య ఓనరమ్మ నిలబడతారు. మనం నేరుగా వచ్చి గీత మీద ఆపాలి. ఆపితే ఆవిడ బానెట్ మీద ఒక్క చరుపు చరిచి, పాసైపోయావు పో అంటారు. ఇన్నేళ్లుగా అందరికీ అంతే."

"ఆవిడకి భయం వేయదా?"

"నేనూ అడిగాను. నువ్వు మర్చిపోయినా పక్కన మావాడున్నాడుగా, వాడి కాలి కింద ఇంకో బ్రేకుందిగా అన్నారు."

"నువ్వు మర్చిపోయావా?"

"లేదు. తొక్కాను. దిగలేదు. గోడను తొక్కినట్టుంది. మళ్లీ తొక్కాను. చెప్పు జారిపోయింది. సీట్లోంచి లేచి మరీ తొక్కాను."

"హ్యాండ్ బ్రేకు?"

"దాని మీద మాస్టారి చెయ్యి ఉంది. ఎప్పుడూ ఉంటుంది. నేర్చుకునేవాళ్లు ముట్టుకోకూడదు. ఆయన చేతి మీదుగానే లాగబోయాను. కదల్లేదు. భయంతో బిగుసుకుపోయారు కాబోలు అనుకున్నాను."

"అంతకు ముందు ఆయన ఏం చేశాడు? చిన్నదైనా సరే."

అమ్మాయి ఆలోచించింది. "బయల్దేరే ముందు వంగి కాళ్ల దగ్గర ఏదో సర్దుకున్నారు. పెన్ను పడిందన్నారు. అంతే. ఆ ముందు రోజు మాత్రం ఓనరమ్మ ఆయనతో ఒక మాట అన్నారు. 'ఈ అమ్మాయితో ఆఖరు. ఎల్లుండి నుంచి నువ్వు పక్క సీట్లో కూర్చోవద్దు, ఆఫీసు చూసుకో' అని. ఆయన నవ్వి, నీ ఇష్టం వదినా అన్నారు."

"ఎందుకు కూర్చోవద్దందో తెలుసా?"

"తెలీదు. కానీ..." ఆగింది. "ఆయన ఒక్కోసారి కావాలని ఆలస్యంగా బ్రేకు వేస్తారు మేడమ్. ఎదురుగా లారీ వస్తుంటే కూడా. మనం హడలిపోయి కేకేస్తే మన మొహంలోకి చూస్తారు. నేర్పడంలో అదొక పద్ధతేమో అనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడింది. తలుపు దగ్గరికి వెళ్లి ఆగింది.

"ఇంకొక్కటి. నువ్వెందుకు ఏడవలేదు?"

"నాన్నను తీసుకెళ్లిన రోజు గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే ఫోటో తీసి పేపర్లో వేశారు మేడమ్. మర్నాడు ఆ పేపరు మా క్లాసులో అందరి దగ్గరా ఉంది. ఏడుపొస్తే తలుపేసుకుని ఏడవమని మా అమ్మ చెప్పింది." ఆమె చూపు తలుపు మీదికి పోయింది. "ఈ తలుపుకి గడియ బయటుంది."

*

డాక్టర్ ఇన్‌స్పెక్టర్ కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. నేరస్థుల మనస్తత్వం చదివిన మనిషి. హెడ్ ఆఫీసు నుంచి వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, పైన కోటు, తగ్గు గొంతు. ఇద్దరు హంతకుల్ని వాళ్ల మాటల్ని బట్టే పట్టించిన పేరుంది. పేరుకు తగ్గ పనివాడే. ఇన్‌స్పెక్టర్‌కు అతని మీద కోపం రావడానికి అదొక కారణం. చేతకానివాడైతే పక్కకు తోసెయ్యచ్చు.

"ముప్ఫైకి ఇరవై ఏడు" అన్నాడు. "నా పరీక్షలో ఇంత ఎక్కువ ఈ మధ్య ఎవరికీ రాలేదు. మూడింటికి కోర్టుకి తీసుకెళ్తున్నారుగా, నా రిపోర్టు జతచేయండి."

"బాగా చదివే పిల్లన్నమాట."

"వెటకారం బాగుంది ఇన్‌స్పెక్టర్ గారూ. కానీ ఆ రక్తం చూడండి. తండ్రి ముగ్గురిని చంపి నిద్రపోయాడు. కూతురు ఒకరిని చంపి చెప్పులు సరిచేసుకుంది. కొంతమంది లోపల ఒక భాగం లేకుండానే పుడతారు. మనకు జాలి పుట్టేచోట వాళ్లకు ఖాళీ. బ్రేకు లేని బండి లాంటివాళ్లు."

"ఆ అమ్మాయి మందుల కంపెనీలో సీసాలకు మూతలు బిగిస్తుంది. ఆరేళ్లుగా ఒక్క మూత వదులైందన్న కంప్లయింట్ లేదు."

"సైకోపాత్‌లు పని బాగా చేస్తారు."

"చేయకపోతే?"

"అప్పుడు బాధ్యత లేనివాళ్లు అంటాం." అనేశాక తనే చిన్నగా నవ్వాడు. "సరే, పరీక్ష వదిలేయండి. వీడియో చూడండి."

స్కూలు యార్డుకు ఎదురుగా ఉన్న టైర్ల షాపు కెమెరా అది. గేటులోంచి కారు వెనక భాగం కనిపిస్తోంది. కారు నేరుగా గోడ వైపు వెళ్తోంది. దూరంగా ఓనరమ్మ ఒక చెయ్యి ఎత్తి, ఇంకో చెయ్యి నడుం మీద పెట్టుకుని, మార్కెట్లో బస్సు ఆపుతున్నంత ధీమాగా నిలబడి ఉంది.

"బ్రేకు తొక్కితే వెనక ఎర్రదీపాలు వెలగాలి" అన్నాడు డాక్టర్. "వెలిగాయా? లేదు. కారు బ్రేకులు బాగానే ఉన్నాయని మీ మెకానికే రాసిచ్చాడు. ఇక ఆమె తొక్కలేదనేగా."

"వెనక్కి తిప్పండి. అక్కడ. మిణుకుమంది చూశారా? ఇదిగో మళ్లీ."

"ఎండ మెరుపు."

"కారు నీడ మన వైపు పడింది డాక్టర్ గారూ. అంటే ఎండ ముందు నుంచి వస్తోంది. వెనక దీపాల మీద మెరుపెలా పడుతుంది?"

అతను వీడియో ముందుకు జరిపాడు. గుద్దుకున్న చప్పుడుకు జనం పరుగెత్తుకొస్తున్నారు. ఎడమ తలుపు తెరుచుకుని మాస్టారు దిగాడు. తల బాదుకుంటూనే వంగి వెనక చక్రం కింద ఒక చెక్క పెట్టాడు. ఆ తర్వాత నేల మీద కూలబడ్డాడు.

"చూడండి. అంత ఏడుపులోనూ కారు వెనక్కి దొర్లి ఇంకెవరినైనా తొక్కుతుందేమోనని చక్రానికి చెక్క అడ్డం పెట్టాడు. మనిషంటే వాడు. ఈమె? ఒక రాయి."

ఇన్‌స్పెక్టర్ ఆ ముక్కను మళ్లీ చూసింది. తలుపు, మాస్టారు, చెక్క. చెక్క కోసం అతను ఎక్కడికీ వెళ్లలేదు.

"మీ సైకోపాత్‌లను గుర్తుపట్టడం ఎలా డాక్టర్ గారూ? అందరూ ఈ అమ్మాయిలా రాళ్లేనా?"

పాఠం చెప్పడమంటే డాక్టర్‌కు ప్రాణం. "కాదు కాదు. తెలివైనవాళ్లు అందరికన్నా మంచివాళ్లుగా ఉంటారు. వీధి వీధంతా మెచ్చుకుంటుంది. బాధ తెలీదు కాబట్టి బాధపడేవాళ్ల మొహాలు చూసి నేర్చుకుంటారు. కొందరైతే మనకన్నా బాగా ఏడుస్తారు. వాళ్లను నేను అయిదు నిమిషాల్లో పట్టేస్తాను."

"ఎవరికి పరీక్ష పెట్టాలో ముందే అనుకుంటే అయిదు నిమిషాలు ఎక్కువే."

డాక్టర్ మొహం ఎర్రబడింది. "అంటే మనిషి పుట్టుకతో చెడ్డవాడు కాడంటారు. అంతేనా మీ సిద్ధాంతం?"

"నాకు సిద్ధాంతం లేదు. కొందరు అలా పుడతారేమో, మీరు చదువుకున్నారు, మీకే తెలియాలి. కానీ పుట్టుకకు నేను సంకెళ్లు వేయలేను. నేరం ఒక రోజు, ఒక చోట, ఒకళ్ల చేత్తో జరుగుతుంది. ఆ చెయ్యి ఎవరిదో చెప్పడానికే నాకు జీతమిస్తున్నారు." టోపీ తీసుకుంది. "యార్డుకు వెళ్తున్నాను."

"నేనూ వస్తాను. ఆ పెద్దమనిషిని మీరు బెదిరిస్తుంటే చూసేవాళ్లు ఒకరుండాలి."

*

జీపు నడుపుతున్న హెడ్ కానిస్టేబుల్‌ను స్టేషనంతా బాబాయ్ అనే పిలుస్తుంది. సర్వీసులో ఇన్‌స్పెక్టర్ కన్నా పాత. యార్డు గేటు దగ్గర దిగుతూ ఆమె అతని చెవిలో వేసింది. "బాబాయ్, చక్రాలకు పెట్టే చెక్కలు ఎక్కడ ఉంటాయో చూసి రా. ఎన్ని ఉన్నాయో కూడా."

ఎత్తు మీద ఉంది యార్డు. గేటు దాటితే రోడ్డు ఏటవాలుగా కింద నాలుగు రోడ్ల కూడలి దాకా పోతుంది. లోపల ఒక చివర గోడ, తెల్లగీత. ఇంకో చివర ఎత్తు మీద కారు ఆపి కదిలించడం నేర్పే సిమెంటు ర్యాంపు. మధ్యలో రేకుల షెడ్డు. గుద్దిన ఒకటో కారును పోలీసులు అందులో పెట్టి తాళం వేశారు.

మాస్టారు ఆఫీసు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. మెత్తటి మాట, మెత్తటి చేతులు. వీళ్లను చూడగానే లేచి కుర్చీలు తుడిచి వేశాడు.

"అమ్మ పోయాక నన్ను పెంచింది మా వదినే మేడమ్" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంక నాకెవరున్నారు."

"మీ కాలు ఎక్కడుంది మాస్టారూ, ఆ టైములో?"

"బ్రేకు మీదే. తొక్కేలోపే అంతా అయిపోయింది."

"ఎన్నేళ్లుగా ఈ పని చేస్తున్నారు?"

"స్కూలు పెట్టిన దగ్గర్నుంచీ."

"ఇన్నేళ్లు తొక్కిన కాలు నిన్న ఎందుకు తొక్కలేదు?"

"అదే మేడమ్, అదే నన్ను తినేస్తోంది." మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదిలాయి. వేళ్ల సందులోంచి ఒక కన్ను ఇన్‌స్పెక్టర్ మొహం వైపు చూసి, డాక్టర్ మొహం వైపు చూసి, మళ్లీ మూసుకుంది.

"ఇంక చాలు" అన్నాడు డాక్టర్.

"ఇంకా మొదలుపెట్టలేదు. మాస్టారూ, చక్రం కింద చెక్క పెట్టారు. ఎక్కడిది?"

"ర్యాంపు దగ్గర ఉంటాయి మేడమ్."

"ర్యాంపు ఆ చివర. కారు ఈ చివర. వెళ్లి తెచ్చుకున్నారా?"

"ఏం చేశానో నాకు గుర్తులేదు. ఎవరైనా అందించారేమో."

"ఎవరూ అందించలేదు. కారు దిగేటప్పటికే మీ చేతిలో ఉంది."

"ఉందా?" అమాయకంగా అడిగాడు. "అయితే సీటు కింద ఉందేమో మేడమ్. ఒక్కోసారి మర్చిపోయి పడేస్తుంటాం."

"మీ వదిన మిమ్మల్ని పక్క సీట్లోంచి తప్పిస్తానందట."

కుళాయి కట్టేసినట్టు ఏడుపు ఆగిపోయింది. ఒక్క క్షణమే. ఆ క్షణంలో అతని మొహంలో కోపం లేదు, భయం లేదు. అద్దెకు పోని గదిలా ఉంది. తర్వాత మళ్లీ సర్దుకుంది.

"నా నడుం నొప్పి చూసి అంది మేడమ్. అంత ప్రేమ." డాక్టర్ వైపు తిరిగాడు. "మీరు మనిషిని చూసి చెప్పేస్తారట కదా సార్? నిన్న కానిస్టేబుళ్లు అనుకుంటుంటే విన్నాను. నన్ను చూస్తే ఏమనిపిస్తోంది?"

"మీరా?" డాక్టర్ గొంతు కరిగింది. "కళ్ల ముందు జరిగినదానికి తనను తాను నిందించుకునే మనిషి అనిపిస్తోంది. మీరు ఎవరి మీదా చెయ్యెత్తలేరు."

"చాలా థాంక్స్ సార్" అన్నాడు మాస్టారు. ఆ మాటను ఎక్కడో భద్రంగా దాచుకున్నట్టు తలాడించాడు.

ఇన్‌స్పెక్టర్ లేచింది. "ఒకటో కారు పెడళ్లు విప్పి చూస్తాను. మీ వైపువి."

"తప్పకుండా మేడమ్."

"మీరు విప్పుకోండి" అన్నాడు డాక్టర్. "ఈలోపు నేను రెండో కారులో మాస్టారితో ఒక రౌండు వేస్తాను. మామూలు మనిషికి బ్రేకు మీదికి కాలు ఎంతలో వెళ్తుందో రిపోర్టులో రాయాలి. మాస్టారూ, మీకు ఇబ్బంది లేదుగా?"

"భలేవారే సార్. కారు ర్యాంపు మీదుంది, నేను తెస్తాను. మీరు నీడలో నిలబడండి, ఎండగా ఉంది."

*

షెడ్డులో ఒకటో కారు ముక్కు పచ్చడై ఉంది. ఇన్‌స్పెక్టర్ మాస్టారి వైపు తలుపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, తల లోపలికి పెట్టి టార్చి వేసింది. డాక్టర్ మర్చిపోయిన కోటు షెడ్డు గుమ్మంలో మేకుకు వేలాడుతోంది. కారు వచ్చేలోపు నీడకని లోపలికి వచ్చి, ఉక్కకు కోటు విప్పి తగిలించి, నూనె వాసన పడక వెళ్లిపోయాడు.

మాస్టారి కాళ్ల దగ్గర రెండు పెడళ్లు. బ్రేకు పెడల్ నుంచి ఒక ఇనుప కడ్డీ అడ్డంగా డ్రైవర్ వైపు బ్రేకు దాకా పోతుంది. ఇటు తొక్కితే అటు దిగుతుంది, అటు తొక్కితే ఇటు దిగుతుంది. రెండు కాళ్లకూ ఒకటే బ్రేకు.

"బాబాయ్, డ్రైవర్ సీట్లో కూర్చుని తొక్కు."

హెడ్ కానిస్టేబుల్ తొక్కాడు. బ్రేకు మెత్తగా దిగింది. మాస్టారి పెడల్ కూడా దానితోపాటు నేల వైపు వంగింది.

"బాగానే ఉంది కదా మేడమ్. మెకానిక్ చెప్పింది నిజమే."

"ఆగు." ఆమె మాస్టారి పెడల్ కింద తన టార్చిని నిలువుగా పెట్టింది. "ఇప్పుడు తొక్కు."

తొక్కాడు. దిగలేదు. ఇంకా గట్టిగా తొక్కాడు. "గోడలా ఉంది" అన్నాడు, తెలియకుండానే ఆ అమ్మాయి మాటే అంటూ.

ఇన్‌స్పెక్టర్ టార్చి తీసి కడ్డీ వెంట వెలుగు నడిపింది. మధ్యలో ఆగింది. కడ్డీ తిన్నగా లేదు. విల్లులా కొద్దిగా వంగి ఉంది. వంగిన చోట నల్లరంగు పెచ్చులూడి లోపలి ఇనుము కొత్తగా మెరుస్తోంది. పెడల్ వెనక వైపు ఒక చెక్క పేడు ఇరుక్కుని ఉంది.

"చక్రం కింద దొరికిన చెక్క ఇలా ఇవ్వు."

మూడు మూలల చెక్క. ఒక ముఖం మీద చక్రం రాసిన మట్టి మరకలు. ఇంకో ముఖం మీద పెడల్ వెడల్పున లోతైన నొక్కు. దాని అంచున పేడు లేచిపోయిన చోటు తెల్లగా ఉంది. ఇన్‌స్పెక్టర్ పేడును అక్కడ పెట్టి చూసింది. అతుక్కుంది.

ఆమె దాన్ని హెడ్ కానిస్టేబుల్‌కు చూపించింది.

"పెన్ను పడిందని వంగి, సీటు కింద నుంచి ఇది తీసి తన బ్రేకు కింద దూర్చాడు" అంది ఆమె. "గుద్దాక తీసి చక్రం కింద పెట్టాడు. అందరి ఎదురుగానే. దానికి మనమే మెచ్చుకున్నాం."

"ఇంత లావు కడ్డీ మేడమ్. దీన్ని వంచిందెవరు?"

"నువ్వే చెప్పు."

హెడ్ కానిస్టేబుల్ కడ్డీ వైపు చూశాడు. "వాడి కూ..." అని ఆగాడు. "ఆ అమ్మాయి."

"మూతలు బిగించే పిల్ల, బక్కపలచటి పిల్ల, సీట్లోంచి లేచి అరికాలు కమిలిపోయేలా తొక్కింది. ఇనుము వంగింది. వంగిన ఆ కాస్తకే దీపం మిణుకుమంది. ముప్ఫై ప్రశ్నలు అడిగాడు ఆ మహానుభావుడు, ఎదుటి మనిషిని బతికించడానికి ఎంత బలం పెట్టావని అడగలేదు." లేచి మోకాళ్లు దులుపుకుంది. "స్టేషన్‌కి ఫోన్ చేయి. ఆ అమ్మాయిని కోర్టుకి తీసుకెళ్లద్దు. ఆ గది గడియ తీసి, తలుపు లోపల నుంచి వేసుకోమని చెప్పమను."

అతను ఫోన్ చేసి చెప్పాడు. అవతల ఎవరో ఎందుకని అడిగినట్టున్నారు. "నీకెందుకురా, తీయమంటే తీయి" అని పెట్టేశాడు.

ఇన్‌స్పెక్టర్ ఇంకా చెక్కనే చూస్తోంది. లోపల ఏదో లేకుండా పుట్టినవాళ్లంటాడు డాక్టర్. కావచ్చు. వీడికి జాలి లేదేమో. కానీ బ్రేకు ఎక్కడుందో వీడికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లు రోజూ తొక్కాడు, ప్రాణాలు కాపాడాడు. నిన్న ఒక్కరోజు కాపాడకూడదనుకుని దానికింద చెక్క పెట్టాడు. ఆ అనుకోవడం మాత్రం పుట్టుకతో రాలేదు. అది వాడిదే.

"ర్యాంపు దగ్గర చెక్కలు ఎన్నున్నాయి బాబాయ్?"

"రెండుంటాయట మేడమ్, ఒక్కో కారుకు ఒకటి. ఇది మన దగ్గరుంది. రెండోది రెండో కారు చక్రం కింద ఉంది. మనం వచ్చినప్పుడు చూశాను."

"పోలికకు అదీ కావాలి. తీసుకురా."

హెడ్ కానిస్టేబుల్ వెళ్లాడు. వెళ్లినంత మెల్లగా రాలేదు. ఆ వయసులో అతను పరుగెత్తడం ఇన్‌స్పెక్టర్ ఎప్పుడూ చూడలేదు.

"చెక్క లేదు మేడమ్. కారూ లేదు. గేటు బార్లా తీసుంది."

ఆమె ఫోన్ తీసి డాక్టర్‌కు కలిపింది. గుమ్మంలో మేకుకు వేలాడుతున్న కోటు జేబులోంచి రింగు వినిపించింది.

ఇద్దరూ జీపు దాకా ఒక్క ఉరుకులో వెళ్లారు. ఇంజను అందుకుంటుండగానే ఆమెకు అంతా అర్థమైంది. ఒకటో కారు పెడళ్లు విప్పుతానని అతని ఎదురుగానే చెప్పింది తను. ఇప్పుడు రెండో కారు కూడా ఆగకపోతే, అదీ పెద్ద చదువు చదివిన డాక్టర్ చేతిలో, అప్పుడు తప్పు కార్లదవుతుంది. మాస్టారు మళ్లీ ఏడవచ్చు. ఒకవేళ ఆ లెక్క కూడా లేదేమో. ఊరికే చూడాలనుందేమో.

జీపు గేటు దాటింది. ఏటవాలు రోడ్డు మీద రెండో కారు చాలా ముందుంది. కింద కూడలిలో సిగ్నల్ దగ్గర బస్సులు, స్కూటర్లు, రోడ్డు దాటుతున్న జనం. కారు వేగం పెరుగుతోంది.

జీపు దగ్గరవుతున్నకొద్దీ వెనక అద్దంలోంచి రెండు తలలు కనిపించాయి. కుడివైపు తల పైకీ కిందికీ ఎగురుతోంది. సీట్లోంచి లేచి తొక్కుతున్న మనిషి తల అది. ఎడమవైపు తల కదలడం లేదు. ఆ భుజం కాస్త మధ్యకు వాలి ఉంది, హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి వేసినవాడి భుజం వాలినట్టు. మాస్టారు రోడ్డు వైపు చూడటం లేదు. పక్కకు తిరిగి డాక్టర్ మొహంలోకి చూస్తున్నాడు.

కారు వెనక ఎర్రదీపాలు మిణుకుమన్నాయి. ఆరిపోయాయి. మళ్లీ మిణుకుమన్నాయి.

"పాపం, ఎంత బలంగా తొక్కుతున్నాడో" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

ఇన్‌స్పెక్టర్ చేతిలో ఇంకా ఆ చెక్క ఉంది. దాన్ని సీటు వెనక్కి విసిరేసి బెల్టు బిగించుకుంది.

"మన బ్రేకులు బాగున్నాయా బాబాయ్?"

"మొన్ననే మార్చాను మేడమ్."

"అయితే వాడిని దాటి ముందుకు పోనీ. మన వెనక భాగం వాడి ముక్కుకు ఆనించి, అప్పుడు తొక్కు. రెండో బ్రేకు మనమే."

హెడ్ కానిస్టేబుల్ ఒక్కసారి ఆమె మొహం వైపు చూశాడు. తర్వాత గేరు మార్చాడు.